నువ్వు గింజ లేని సకినం

వెయ్యి నువ్వు గింజలను తూకం వేస్తే దాదాపు 3 గ్రాములు తూగుతాయి. ఒక్కో గింజ 3 మిల్లీగ్రాములన్నమాట. అందులో సగం నూనె, సుమారు ఐదో వంతు మాంసకృత్తి. ఆ లెక్కన గింజకు 0.6 మిల్లీగ్రాముల మాంసకృత్తి వస్తుంది. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల బృందం నువ్వుల అలర్జీకి 2 మిల్లీగ్రాముల మాంసకృత్తిని హద్దుగా సూచించింది. ఆ హద్దు దాటకపోతే, నువ్వులు పడని నూరుమందిలో దాదాపు 95 మందికి పైకి కనిపించే లక్షణాలు రావని దాని అర్థం. గింజల్లో చెప్పుకుంటే మూడు.

కోరుట్లలో ఒక ఇంటి వంటగది ఈ మూడు గింజల లెక్క తెలిసి నడుస్తుంది. ఆ ఇంట్లో ఆరేళ్ల పిల్లవాడికి నువ్వులు పడవు. నోట్లో పడిన కొద్ది నిమిషాల్లో పెదవులు వాస్తాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, ఊపిరి బరువవుతుంది. పిల్లల డాక్టరు పరీక్షలు చేయించి, కారణం నువ్వులేనని, పల్లీలు, పాలు, గుడ్డు నిశ్చింతగా పెట్టవచ్చని తేల్చి చెప్పాడు. వాడి తల్లి వండే తీరును దగ్గర కూర్చుని చూసే అవకాశం నాకు దొరికింది. నిపుణుల హద్దు కంపెనీలు లేబుళ్లు రాసుకోవడానికి పెట్టింది, ఇంట్లో పిల్లవాడి మీద కొలిచి చూసేది కాదని ఆమెకు బాగా తెలుసు. ఆమె పెట్టుకున్న హద్దు సున్నా.

అంత కఠినమైన హద్దుకు ఇంతకంటే కఠినమైన చోటు దొరకదు. జగిత్యాల జిల్లా నువ్వులు పండే నేల. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ నీళ్లు పారే ఊళ్లలో యాసంగి పంటగా నువ్వులు వేస్తారు. జగిత్యాల పక్కన పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే శ్వేత తిల్, జగిత్యాల తిల్-1 రకాలు వచ్చాయి. నువ్వు చేను కోసేటప్పుడు రైతు పడే జాగ్రత్త చూస్తే ఆ గింజ గుణం అర్థమవుతుంది. కాయ ఎండగానే కొన దగ్గర పగులుతుంది. అందుకే పూర్తిగా ఎండకముందే కోసి, కట్టలు కట్టి, కొనలు పైకి ఉండేలా నిలబెడతారు. బాగా ఎండాక పరదా మీద కట్టను తిరగేసి మెల్లగా కొడితే గింజలన్నీ ఒక్కసారిగా రాలిపడతాయి. చెదిరిపోవడం ఆ మొక్క బతుకుతెరువు. వంటింట్లోనూ అది అదే పని చేస్తుంది. తేలిగ్గా ఉంటుంది కనుక ఎగురుతుంది, జిడ్డుగా ఉంటుంది కనుక అంటుకుంటుంది, బల్లపరుపుగా ఉంటుంది కనుక ఏ సందులోనైనా దూరుతుంది.

ఇక్కడి వంటలో అది లేని చోటు వెతుక్కోవాలి. పచ్చిపులుసులో వేయించి దంచిన నువ్వుల పొడి పడుతుంది. గుత్తి వంకాయ కూరకు చిక్కదనం దానిదే. సర్వపిండిలో గింజలు, అరిసెల మీద గింజలు, గరిజెల లోపల గింజలు. బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూల నైవేద్యం నువ్వులు, నూకలతో మొదలవుతుంది. సద్దుల నాడు నువ్వుల సద్ది ఉండాల్సిందే. ఇక సంక్రాంతికి సకినాలు. కిలో బియ్యానికి పావుకిలో దాకా నువ్వులు పోసే పిండివంట అది.

ఆ గింజ ఒంట్లో ఏం చేస్తుందో తెలిస్తే ఈ తల్లి నియమాలు ఎందుకంత గట్టివో తెలుస్తుంది. ‘అలర్జీ’ అనే మాటను 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టాడు. దాని వెనక ఉన్న ప్రతిరక్షకాన్ని 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకాలు గుర్తించారు. దాన్నే ఇప్పుడు ఐజీఈ అంటున్నాం. చర్మం, పేగులు, శ్వాసనాళాల పొరల్లో మాస్ట్ కణాలుంటాయి; వాటి ఒంటి నిండా ఈ ఐజీఈలు అతుక్కుని ఉంటాయి. నువ్వుల మాంసకృత్తి వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుందంటే ఆ కణం తనలో దాచుకున్న హిస్టమిన్‌ను వదిలేస్తుంది. దద్దుర్లు, వాపు, ఆయాసం అన్నీ అక్కడి నుంచే.

నువ్వుల్లో ఈ పని చేసే ముఖ్యమైన మాంసకృత్తి 2ఎస్ ఆల్బుమిన్ జాతిది. చాలా చిన్నది, లోపల గంధకపు బంధాలతో బిగుసుకుని ఉంటుంది. అందువల్ల ఉడికించినా, వేయించినా, కడుపులోని ఆమ్లం తగిలినా సులభంగా విడిపోదు. గుడ్డు తెల్లసొనలోని కొన్ని మాంసకృత్తులు అలా కాదు. వేడికి రూపు మారతాయి. గుడ్డు పడని పిల్లల్లో కొందరు బాగా కాల్చిన కేకు తినగలగడం అందువల్లే, అదీ డాక్టరు దగ్గర తేల్చుకున్నాకే. నువ్వులతో ఆ వెసులుబాటు లేదు. “మస్తు వేయించినం కదా, ఏం కాదు” అని చుట్టాలు చెప్పే ధైర్యానికి ఆధారం లేదు.

రెండో మాంసకృత్తి ఇంకా చిత్రమైనది. గింజలో నూనె చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది. ఆ బొట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఒక్కోదాని చుట్టూ ఓలియోసిన్ అనే మాంసకృత్తి పొర ఉంటుంది. గానుగలో ఆడించినప్పుడు ఆ పొరలోది కొంత నూనెతో పాటే దిగివస్తుంది. నువ్వుల నూనె ‘గింజ కాదు కదా’ అని వదిలేయడానికి వీల్లేనిది అందుకే. పైగా ఓలియోసిన్ నీళ్లలో కరగదు. నీటితో తీసిన సారంతో చర్మం మీద చేసే పరీక్షలో అది కొన్నిసార్లు దొరకకుండా తప్పించుకుంటుంది. ఆ ఇంట్లో మామిడికాయ తొక్కు పల్లి నూనెతో పెడతారు. దేవుడి దీపంలో నెయ్యి పోస్తారు. ఆ రెండో మార్పు అత్తమ్మ స్వయంగా చేసింది. వత్తి చేసిన చేత్తోనే మనవడికి అన్నం కలుపుతానని ఆమెకే తట్టింది.

వంట పొయ్యి మీద మొదలవుతుందని అనుకుంటాం కానీ ఈ ఇంట్లో కిరాణం దుకాణంలో మొదలవుతుంది. తల్లి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఏ సరుకు, ఏ కంపెనీ, పొట్లం మీద ఏం రాసి ఉంది, ఎప్పుడు కొన్నారు అని రాసుకుంటుంది. నువ్వులు పొట్లం మీద నువ్వులుగానే ఉండవు. తిల్, సిసేమ్, జింజెలీ, తహీనా అని ఉంటాయి. గల్ఫ్ నుంచి వచ్చే చుట్టాల సంచుల్లో ఖర్జూరాలతో పాటు హల్వా డబ్బాలు కూడా వస్తాయి. అరబ్బుల హల్వాల్లో చాలావరకు నువ్వుల ముద్దతో చేసినవే. కోరుట్ల, జగిత్యాలల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న వాడలున్నాయి కనుక ఆ పేజీ ఆమె ప్రత్యేకంగా రాసుకుంది.

మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల్లో అలర్జీ కారకాలను విడిగా పేర్కొనాలన్న జాబితా ఉంది. గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, పల్లీలు, బాదం జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైట్లు అందులో ఉన్నాయి. నువ్వులు లేవు. ఐరోపా 14 అలర్జీ కారకాల జాబితాలో నువ్వులున్నాయి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి తొమ్మిదో ప్రధాన అలర్జీ కారకంగా రాయడం తప్పనిసరి అయింది. మన పొట్లం మీద ‘అలర్జీ సమాచారం’ అని మందంగా అచ్చేసిన వరుసలో నువ్వుల పేరు లేదంటే లోపల నువ్వులు లేవని కాదు. అందుకే ఆమె ఆ వరుసతో ఆగదు, పైనున్న దినుసుల పట్టీ మొత్తం చదువుతుంది. విడిగా అమ్మే సరుకుకు అసలు పట్టీయే ఉండదు. ఇంగ్లండులో 2021 అక్టోబర్ 1 నుంచి దుకాణంలోనే తయారుచేసి పొట్లం కట్టిన తిండికి కూడా దినుసుల పట్టీ తప్పనిసరి. దాన్ని నటాషా చట్టం అంటారు. 2016లో రొట్టె పిండిలో కలిసిపోయి కంటికి కనిపించని నువ్వుల వల్ల ఆ పేరుగల పదిహేనేళ్ల అమ్మాయి చనిపోయింది. మిఠాయి దుకాణం గాజు బీరువాలోంచి తీసి కాగితంలో చుట్టిచ్చే మన సకినాలకు అలాంటి పట్టీ ఏదీ లేదు.

ఆ నోటుపుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపిన పేజీ వనస్పతిది. నెయ్యిలో వనస్పతి కల్తీని పట్టుకోవడానికి మన దేశం ఒక తెలివైన ఉపాయం పన్నింది: వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని షరతు పెట్టింది. నువ్వుల నూనెలోని ఒక పదార్థం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరల్ తగిలితే ఎర్రబడుతుంది. బౌడౌయిన్ పరీక్ష అంటారు. నెయ్యిని పరీక్షించినప్పుడు ఎరుపు కనిపించిందంటే అందులో వనస్పతి ఉన్నట్టే. 2011 నాటి ప్రమాణాల్లోనూ ఆ షరతు ఉంది. కల్తీదారుకు గుర్తుగా పెట్టిన నువ్వు ఈ పిల్లవాడికి బేకరీ తలుపు మూసింది. శుద్ధి చేసిన నూనెలో మాంసకృత్తి మిగిలేది బహు స్వల్పమే కావచ్చు, కానీ షరతు పచ్చి నూనెను కూడా ఒప్పుకుంటుంది. పఫ్, బిస్కెట్, దిల్‌పసంద్ దేంతో చేశారో కనుక్కోలేకపోతే ఆమె కొనదు. ఇంట్లో వెన్నతో చేస్తుంది. ఆ పేజీలో కారణమంతా రెండు వరుసల్లో రాసి ఉంది.

ఇక వంటగది. మొదట్లో ఆమె వేరు గిన్నెలు, వేరు పొయ్యి పెట్టిందట. కొద్దిరోజులకే ఆ పద్ధతి మానేసి ఇంట్లోంచే నువ్వులను తీసేసింది. గీత గీసి అటొకటి ఇటొకటి పెడితే గీత దాటే గింజను ఎవరూ చూడలేరన్నది ఆమె తర్కం. తర్వాత పాత సామాను ఒక్కొక్కటే ముందేసుకుని, దీన్ని కడిగితే చాలా, మార్చాలా అని తేల్చింది. స్టీలు గంజులు, తాంబాళాలు కడిగి ఉంచింది. నున్నటి లోహం సబ్బుకు లొంగుతుంది. జల్లెడను తీసేసింది, చుట్టుకు, జాలీకి మధ్య మడతలో ఎప్పటివో గింజలుంటాయి. మిక్సీ గిన్నెలో బ్లేడు విప్పి చూస్తే కింద రబ్బరు రింగు చుట్టూ నువ్వుల ముద్ద నల్లగా పేరుకుని ఉంది. కొత్త గిన్నె కొన్నది. రాతిరోలుకు గంట్లు కొట్టించి ఉంటాయి కనుక దాన్ని ఇంటి వెనక్కి పంపింది. రొట్టెల పీట కర్రది, పగుళ్లు పట్టింది, మార్చింది. ఏళ్ల జిడ్డు గట్టిపడ్డ ఇనుప కడాయి బదులు కొత్తది వచ్చింది. ఏ వస్తువునూ భయంతో పారేయలేదు. ప్రతిదాని అతుకు, సందు, పొర చూసి నిర్ణయించింది. పనిముట్లను ఇంత తెలిసి వాడేవాళ్లు ఏ వృత్తిలోనైనా అరుదు.

రోజువారీ వంటలో ఆమె పద్ధతికి పచ్చిపులుసు మంచి ఉదాహరణ. నువ్వుల పొడి అందులో మూడు పనులు చేస్తుంది. పలచటి చింతపండు పులుసుకు కాస్త చిక్కదనం ఇస్తుంది, కొవ్వుతో పులుపు పదునును తగ్గిస్తుంది, వేయించిన వాసన ఇస్తుంది. ఈ మూడూ చేసే ఇంకో దినుసు లేదు. కాబట్టి పనిని విడగొట్టింది. చిక్కదనానికి ఒక చెంచా పుట్నాల పొడి. కొవ్వుకు చిటికెడు ఎండుకొబ్బరి. వాసనకు ఉల్లిగడ్డను, పచ్చిమిరపకాయలను నిప్పుల మీద కాల్చి, పొట్టు తీసి, చేత్తో నలిపి వేయడం. కాల్చిన ఉల్లిగడ్డ పచ్చిపులుసుకు పరాయిదేమీ కాదు కనుక నాలుక దాన్ని వెంటనే ఒప్పుకుంటుంది. పుట్నాలు మాత్రం మూత వేసిన పొట్లమే కొంటుంది. కిరాణంలో పుట్నాల సంచి పక్కన నువ్వుల సంచి ఉంటుంది, రెండింట్లోనూ తిరిగేది ఒకే గంటె. సర్వపిండికి ఇంత ఆలోచన అక్కర్లేదు. పల్లీలు కచ్చాపచ్చాగా దంచి రెట్టింపు వేస్తే సరిపోతుంది.

గసగసాలు వేసుకోవచ్చు కదా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నువ్వులు పడనివాళ్లలో కొందరికి గసగసాలు కూడా పడకపోవడం వైద్యులు నమోదు చేశారు. పోలిక చూసి బదులు పెట్టదు. పని చూసి పెడుతుంది.

సకినాల దగ్గర ఈ నేర్పంతా ఒక్కచోట కనిపిస్తుంది. పేరుకు అందులో ఉన్నవి బియ్యం పిండి, నువ్వులు, ఓమ, ఉప్పు, నీళ్లు. ఐదింట్లో ఒకటి తీసేయాలి. అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు.

“నువ్వులు లేకుంటే అది సకినమెట్లయితది బిడ్డా?”

“అయితది అత్తమ్మా. చుట్టుడు మీ పని, పిండి సంగతి నాకిడిసిపెట్టుండ్రి.”

బియ్యం నానబోసే ముందే మొదటి జాగ్రత్త. కొట్టులో నువ్వుల బస్తా పక్కనున్న బియ్యంలో నాలుగు గింజలు కలిసి ఉండవచ్చు. తెల్ల నువ్వును తెల్ల బియ్యంలో కంటితో ఏరడం కష్టం. ఆమె కొత్త నూకల జల్లెడ పడుతుంది. బియ్యపు గింజ పొడవుగా ఉండి పైన నిలుస్తుంది. నూక, మట్టి, నువ్వు ఏదున్నా కిందికి దిగిపోతుంది. కిందికి దిగిన దాన్ని కోళ్లకు వేస్తుంది. తర్వాత మూడు నీళ్లు పోసి కడిగి, రాత్రంతా నానబెట్టి, తెల్లారి బుట్టలో వడేస్తుంది. పిడికిట పట్టి విప్పితే అరచేయి తడవాలి, నీటి బొట్టు రాలకూడదు. అప్పుడు పిండి పట్టాలి.

పండుగ ముందు గిర్ని దగ్గర వాడంతా బారులు తీరుతుంది. ఒకరి పిండి అవశేషం ఇంకొకరి డబ్బాలోకి రావడం అక్కడ మామూలే. ఆమె గిర్నికి పోదు. కొత్త మిక్సీ గిన్నెలో రెండేసి గుప్పెళ్లు వేసి, ఆపి ఆపి తిప్పుతుంది. ఒకేసారి ఎక్కువసేపు తిప్పితే గిన్నె వేడెక్కి పిండిలో తడి ఆరిపోతుంది. ఆ తడి మీదే సకినం ఆధారపడి ఉంది. బియ్యంలో గోధుమకున్న జిగురు లేదు. పొడి బియ్యం విసిరితే పిండి రేణువులు దెబ్బతిని నీటిని ఇష్టమొచ్చినట్టు పీలుస్తాయి. నానిన బియ్యం మెత్తగా విడిపోతుంది, రేణువు సన్నగా వస్తుంది, ఒక్కో రేణువు చుట్టూ నీటి పొర సమంగా పట్టుకుంటుంది. సకినపు తీగ తెగకుండా సాగేది ఆ పొర బలంతోనే.

ఇప్పుడు నువ్వు ఖాళీ చేసిన చోటు. అది ఇక్కడ రుచి ఒక్కటే ఇవ్వదు. పిండి మొత్తం ఒకే ముద్దగా బిగుసుకుపోకుండా అడుగడుగునా గింజ అడ్డం పడుతుంది. గింజ చుట్టూ పిండి పూర్తిగా అతకదు. ఆ సన్నని సందుల్లోంచి నూనెలో ఆవిరి బయటపడుతుంది. కొరికినప్పుడు సకినం ఆ సందుల దగ్గరే విరుగుతుంది. కరకర అంటాం చూడండి, అది ఈ విరుగుళ్ల చప్పుడే. గింజలోని నూనె పిండిని గుల్లబారుస్తుంది కూడా. ఉత్త బియ్యం పిండితో చేస్తే సకినం పంటికి గట్టిగా, నోటికి చప్పగా ఉంటుంది.

ఆమె మళ్లీ పనిని విడగొట్టింది. అడ్డం పడటానికి పిండి జల్లించగా పైన మిగిలిన సన్నటి నూకనే వాడుకుంది. గుప్పెడు నూకను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వేళ్లతో నలిపితే చిదిగేదాకా ఆగి, పిండిలో కలుపుతుంది. నానకపోతే వేగాక రాయిలా పంటికి తగులుతుంది. పైగా ఆ నూక బయటి నుంచి వచ్చింది కాదు, ఆ బియ్యంలోదే. దాని శుద్ధి గురించి మళ్లీ అనుమానపడే పని లేదు. గుల్లబారడానికి కిలో పిండికి రెండు గంటెల పల్లి నూనె కాచి పోస్తుంది. వాసనకు ఓమ మామూలు కంటే కొంచెం ఎక్కువ, నలిపి వేస్తుంది. తోడుగా కచ్చాపచ్చాగా దంచిన జీలకర్ర. ఓమ మోతాదు దగ్గర చాలాసార్లు ఆగి రుచి చూసింది. ఎక్కువైతే చేదు తేలుతుంది.

పిండి కలపడంలో కొలత నీళ్లలో లేదు, వేళ్లలో ఉంది. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నుంచి తీగ జారాలి, కారకూడదు. అత్తమ్మ చుట్టడం చూస్తే వేళ్లు ఒకేసారి రెండు పనులు చేస్తున్నట్టు తెలుస్తుంది. బొటనవేలు పిండిని ముందుకు తోస్తుంటే చూపుడువేలు, నడిమివేలు దాన్ని మెలిపెడతాయి. మెలిపడిన తీగ గుడ్డ మీద వాలుతుంది, చేయి చుట్టూ తిరుగుతుంది, చుట్టులో చుట్టు వచ్చి నాలుగో వరుసలో కొస అతుకుతుంది. ఆ మెలి అందం కోసమే అనుకునేవాణ్ని. మెలి వల్ల పక్కపక్క చుట్లు అక్కడక్కడ మాత్రమే తాకుతాయి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి, వేడి నూనె అన్ని వైపుల నుంచీ లోపలికి పోతుంది. లావుపాటి బిళ్లను వేయిస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉండే చోట, సకినం సమంగా వేగేది ఆ ఖాళీల వల్లే. నువ్వులు లేని పిండికి ఈ ఖాళీలు మరింత అవసరం కనుక అత్తమ్మ మెలిని కొంచెం బిగించి పెడుతోంది. ఎవరూ చెప్పలేదు; వేళ్లకు పిండి తేడా తెలిసింది.

గుడ్డ సిరిసిల్ల మరమగ్గం మీద నేసిన తెల్ల కాటన్ గుడ్డ. ఆడబిడ్డ అక్కడి నుంచి పంపింది. పాత దోవతుల మడతల్లో, కుట్టుల్లో కిందటేడు సకినాల నువ్వులు ఇరుక్కుని ఉంటాయి. కొత్త గుడ్డకు ఆ గతం లేదు. నేతకు ముందు నూలుకు పెట్టిన గంజి పోయేలా మరిగే నీళ్లలో ఉడికించి ఆరేశారు. గంజి ఉంటే గుడ్డ నీటిని పీల్చదు. పరిచిన సకినం అడుగు నుంచి గుడ్డ తడిని లాగుతుంది, పైనుంచి గాలి ఆరబెడుతుంది, అరగంటలో సకినం చేతికి లేచేంత గట్టిపడుతుంది. అప్పుడు పలచటి పళ్లెం అంచును కిందికి దోపి ఎత్తి నూనెలోకి జార్చాలి.

చుట్టడానికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. కోరుట్లలో చాలా ఇళ్లలో ఉండే బీడీల చాటలు పక్కన పెట్టి వచ్చిన చేతులవి, వేగం చూడాలి. కానీ వాళ్లు తమ ఇళ్లలో నువ్వుల పిండి చుట్టి వచ్చినవాళ్లు. గడప దగ్గరే బకెట్ నీళ్లు, సబ్బు పెట్టి ఉంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2004లో పల్లీ ముద్ద రాసుకున్న చేతులను పరీక్షించారు. సబ్బు, నీళ్లతో కడిగితే అలర్జీ కారకం పోయింది. ఉత్త నీళ్లతో కడిగిన చేతుల్లో కొన్నింటి మీద, శానిటైజర్ రాసుకున్న చేతుల్లో సగం వాటి మీద అది మిగిలే ఉంది. శానిటైజర్ క్రిమిని చంపుతుంది, మాంసకృత్తిని తీసేయదు. అక్కడ పల్లీ, ఇక్కడ నువ్వు. రెండూ జిడ్డు గింజలే, నియమం ఒకటే. “అక్కా, గాజులు పైకి దోపి కడుక్కో, గోళ్ల సందుల సుత రుద్దుకో” అని ఆమె ఒక్కొక్కరికీ చెప్పింది. ఎవరూ నొచ్చుకోలేదు. చీర కొంగులకు పిండి మరకలున్నవాళ్లకు ఉతికిన తువాలలిచ్చి నడుముకు చుట్టుకోమన్నది.

కడాయిలో కొత్త నూనె. ఇదివరకు నువ్వులవి వేయించిన నూనె ఎంత వడపోసినా ఈ పనికి రాదు. చిన్న పిండి ముక్క వేస్తే అడుగుకు పోయి వెంటనే తేలాలి, రంగు మారకూడదు. నూనె కాగక ముందే వేస్తే సకినం నూనె తాగి విరుగుతుంది. మరీ కాగితే ఎర్రబడి లోపల మెత్తగా మిగులుతుంది. బుడగలు జోరుగా లేచి, నెమ్మదించి, చివరికి అక్కడొకటి ఇక్కడొకటి మిగిలినప్పుడు లోపలి నీరు పోయినట్టు. చిల్లుల గంటెతో తీసి నిలువుగా ఆనించి పెడుతుంది, నూనె జారిపోవడానికి. రంగు తెల్లగా, అంచుల్లో లేత బంగారంగా ఉంది. నేను ఒకటి విరిచి చూశాను. విరిచిన చోట నూక రేణువులు తెల్లగా మెరిశాయి, వాటి చుట్టూ సూదిమొన పట్టేంత సందులు. రుచి మొదట ఓమది, తర్వాత బియ్యపు తీపి. నువ్వుల సకినం రుచి అది కాదు. మంచి సకినం రుచి మాత్రం అవును.

ఇరుగుపొరుగు పళ్లేలలో వచ్చే సకినాలను ఆమె కాదనదు, మూత తీయకుండా పక్కింటి అత్తమ్మ దగ్గర పెట్టిస్తుంది. పెద్దవాళ్లు అక్కడే తిని, చేతులు కడుక్కుని వస్తారు. పిల్లవాడు బడికి తీసుకుపోయే డబ్బా మూత మీద వాడే తన పేరు రాసుకున్నాడు. ఎవరేది పెట్టినా “మా అమ్మనడిగి తింట” అనడం వాడికి నేర్పింది. వంటగది గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది: ఊపిరి బరువైతే డాక్టరు ఇచ్చిన ఇంజెక్షన్ తొడకు, వెంటనే 108కి ఫోను. వేళ్లతో తొడ మీద చోటు చూపించే బొమ్మ కూడా గీసింది. ఇంట్లో అందరూ ఆ పని ఒకసారి నారింజ పండు మీద చేసి చూశారు, అత్తమ్మతో సహా.

కనుమ నాడు పిల్లవాణ్ని తీసుకుని సిరిసిల్లకు రమ్మని ఆడబిడ్డ ఫోను చేసింది. అక్కడ కూడా ఇలాగే చేసి పెడతానని, కొలతలు చెప్పమని అడిగింది. తల్లి గంటె పక్కన పెట్టి వరుసగా చెప్పింది.

“కిలో బియ్యానికి గుప్పెడు నూక, నానినంక కలుపు వదినా. నూనె కాచి రెండు గంటెలు. ఓమ మూడు చెంచాల కన్న ఎక్కువ పొయ్యకు. గిర్నికి పోకు, మిక్సీల పట్టు. మిక్సీ గిన్నె రబ్బరు తీసి చూడు. జల్లెడ మాత్రం నీ ఇంట్లది వద్దు, నేనే ఎంబడి తెస్త.”